పండేదాకా ఆగమన్నది నేనే

ముందు నా సంతోషం చెప్పుకోనివ్వండి, పాఠం తర్వాత. నా కుడి కంట్లో పొర తీసేసి నెల దాటింది. మా వంటింటి గోడ తెల్లగా ఉంది! ఇన్నాళ్లూ దానికి గంధం రంగు వేయించుకున్నామనే అనుకున్నాను. కట్టు విప్పి ఇంటికొచ్చిన రోజు మా ఆయన్ని పిలిచి, "నేను ఆస్పత్రిలో ఉండంగానే సున్నం కొట్టిస్తివా?" అని అడిగాను.

"ఆరేండ్ల నించి అదే గోడ. నీ కన్నే కొత్తది" అన్నాడు.

ఎడమ కంటికి ఇంకా చేయించుకోలేదు. అందుకే రోజుకు పదిసార్లు ఒక ఆట ఆడుతున్నాను. ఎడమ కన్ను మూసి చూస్తే గిన్నెలో పాలు పాలలాగే ఉంటాయి. కుడి కన్ను మూసి చూస్తే అవే పాలల్లో ఎవరో రెండు చుక్కలు డికాక్షన్ వేసినట్టుంటాయి. ముప్పై నాలుగేళ్లు ఇతరుల కళ్లలోకి టార్చి కొట్టి చూసినదాన్ని, "ఆపరేషన్ అయితే లోకం తేటగా కనిపిస్తుంది" అని వేలమందికి చెప్పినదాన్ని. ఆ తేట ఎలాంటిదో నాకు ఇప్పుడే తెలిసింది.

నేను డాక్టర్ని కాదు. కంటి ఆస్పత్రిలో డాక్టరు కంటే ముందు మీ కన్ను చూసే మనిషి ఒకరుంటారు చూడండి. అక్షరాల పట్టీ చదివించి, టార్చి కొట్టి, కంటి ఒత్తిడి చూసి, చీటీ రాసి లోపలికి పంపిస్తారు. ఆ పని నాది. మాది బాగేపల్లి దగ్గర పల్లె, వేరుశనగ పండించే ఇల్లు. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదలు. సర్టిఫికెట్ వచ్చిన రోజు మా నాయన దాన్ని చేతికి తీసుకోలేదు, చేతికి మట్టి ఉందని. నన్నే చదవమన్నాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత, "ఇంగ నువ్వు చెప్పేమాట ఊర్లో నిలబడ్తాది. సూసి మాట్లాడు పాపా" అన్నాడు.

ఆ మాట ఎంత నిజమో, ఎంత బరువో తెలియడానికి నాకు సగం సర్వీసు పట్టింది.

ఈ ఏడు మా ఆస్పత్రిలో ఈ ఉద్యోగానికి కొత్తగా చేరినవాళ్లు నన్ను ఒక గంట మాట్లాడమని పిలిచారు. రెండు గంటలు మాట్లాడినా అసలు సంగతి మిగిలిపోయింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

పొర అంటే పొర కాదు

ముందు మీ నోటి నుంచి "పొర" అనే మాట వచ్చినప్పుడల్లా దాని వెనకే ఇంకో వాక్యం రావాలి. అది కంటి మీద పేరుకున్న తోలు కాదు. కంటి లోపల, నల్లగుడ్డు వెనక, గాజుబిళ్లలాంటి కటకం ఒకటి ఉంటుంది. వెలుగు దాంట్లోంచే లోపలికి పోతుంది. వయసుతో అది మసకబారుతుంది. దెబ్బ తగిలినా, చక్కెర జబ్బు ఉన్నా, కొన్ని మందులు ఎక్కువకాలం వాడినా తొందరగా మసకబారుతుంది. ఆ మసక కటకాన్ని తీసేసి, దాని చోట కొత్త కటకం పెడతారు. ఇంతే. ఇది చెప్పకపోతే జనం దాన్ని గోకి తీస్తారనుకుంటారు, కరిగిస్తారనుకుంటారు, ఆకుపసరు పోసుకుని మంచి నల్లగుడ్డును కూడా పాడుచేసుకుంటారు.

సోమేనహళ్ళి నుంచి ఒక రైతు వచ్చాడు. జేబులోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఈ సుక్కలేస్తే పొర కరిగిపోతాదంట."

"ఎన్నాళ్ల నించి ఏస్తాండావప్పా?"

"ఇది మూడో సీసా."

"కరిగిందా?"

"కరగలేదు. కండ్లు మాత్రం సల్లగుండాయి."

"సల్లదనానికైతే మజ్జిగ తాగప్పా. పొరకైతే ఆపరేషన్ చేయించుకో."

పక్కన వరుసలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు, అతనూ నవ్వాడు. ఆ వారమే చేయించుకున్నాడు. చుక్కలతో పొరను కరిగించాలని లోకమంతా ప్రయోగశాలల్లో వెతుకుతూనే ఉన్నారు. దొరికితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. కానీ నేను రిటైరయ్యేనాటికి మనిషి కంట్లో పనిచేస్తుందని రుజువైన చుక్క ఒక్కటీ లేదు. లేనిది లేదని చెప్పడం కూడా మీ పనే.

ఇంకొకటి. ఈ ఉద్యోగం మిషన్ల దగ్గర జరుగుతుందనుకుని వస్తారు. మిషన్ ఎవరైనా నెలలో నేర్చుకుంటారు. అసలు పని వరండాలో, బస్టాండులో, ఊరి పంచాయతీ గది మెట్ల మీద జరుగుతుంది. అక్కడ మీరు అన్న ఒక్క మాటను పట్టుకుని ఒక మనిషి నాలుగేళ్లు బతుకుతుంది. నాకు తెలుసు.

పెద్ద డాక్టరు

నేను చేరినప్పుడు మా పైఅధికారిని అందరం పెద్ద డాక్టరు అనేవాళ్లం. మాట కఠినం, చేయి వెన్న. ఊళ్లలో బడిగదులు కడిగించి, బల్లలు వరుసగా వేయించి ఆపరేషన్లు చేసేవాడు. అప్పట్లో కటకాన్ని మొత్తంగా బయటికి తీసేవాళ్లు, కొత్తది పెట్టేది లేదు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి రోజుల తరబడి పడుకోబెట్టేవాళ్లం. ఆ తర్వాత సీసా అడుగులంత మందం అద్దాలు.

ఆ పద్ధతిలో పొర బాగా ముదిరాకే ఆపరేషన్ చేసేవాళ్లు. కొద్దిగా చూపు ఉన్న కంటిని కోసి, ఆ మందం అద్దాల పాలు చేయడం కంటే ఆగడమే మేలు. అందుకే ఆయన ప్రతి కన్ను చూసి ఒక్కటే అడిగేవాడు, "పండిందా?" పండితే జాబితాలోకి. లేకపోతే, "పండినాక రాప్పా" అని పంపించేయడం. నేను ఆ మాట ఆయన గొంతుతో సహా నేర్చుకున్నాను.

మా జిల్లాలో ఈ మాట అర్థం చేయించనక్కర్లేదు. సగం ఊళ్లు పట్టుపురుగులు పెంచుతాయి. పురుగు ఆకు తినడం మానేసి, ఒళ్లు లోపల దీపం పెట్టినట్టు మెరిస్తే పండిందని లెక్క. అప్పుడే ఏరి గూడు కట్టుకోవడానికి చంద్రిక అనే వెదురు తడక మీద వేస్తారు. పండని పురుగును వేస్తే గూడు పలచన. కాబట్టి "పండేదాకా ఆగు" అంటే మావాళ్లకు అది డాక్టరు మాట కాదు, ఇంటి మాట. చక్కగా తలూపి వెళ్లిపోయేవాళ్లు.

తర్వాత కంటి లోపలే కటకం పెట్టే పద్ధతి వచ్చింది. పెద్ద డాక్టరు ఆ వయసులోనూ బెంగళూరు పోయి నేర్చుకుని వచ్చాడు, అంత పట్టుదల మనిషి. ఇక పండేదాకా ఆగే పనే లేదు. పైగా ముదిరిన కటకం రాయిలా గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. చేయి మారింది, కత్తి మారింది, కుట్లు మారాయి. మా నోట్లో మాట మాత్రం మారలేదు. ఆయనా మార్చలేదు, నేనూ మార్చలేదు.

ఎడమ కన్ను

జంగమకోటె మునిలక్ష్మమ్మ నా దగ్గరికి మొదటిసారి వచ్చేనాటికి కొత్త పద్ధతి వచ్చి ఏడాదైనా దాటింది. ఆమెకు యాభైలోపే. మల్బరీ కట్టెలు కోస్తుంటే ఒకటి ఎగిరి ఎడమ కంటికి కొట్టుకుంది. గాయం మానింది కానీ లోపల కటకం మసకబారడం మొదలైంది. ఆ రోజు పెద్ద డాక్టరు బాగేపల్లి శిబిరంలో ఉన్నాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. టార్చి కొట్టి చూశాను. పేరు జాబితాలో రాస్తే చాలు.

"ఇంకా పండలేదమ్మా. పండినాక రా" అన్నాను.

"పండిందని నాకెట్ల తెలుస్తాది పాపా?"

"అద్దంలో సూసుకో. నల్లగుడ్డు నడాన ముత్యం మాదిరి తెల్లగా అవుతాది."

"సరే పాపా. డిగ్రీ సదివిన బిడ్డవి, నీకు తెల్దా" అని నవ్వి వెళ్లింది. నాకు ఆ నవ్వు బలే నచ్చింది. ఆ పూటంతా ఒళ్లు పొంగిపోయింది.

ఆమె నేను చెప్పినట్టే చేసింది. నెలకోసారి అద్దం చూసుకుంది. తెల్లబడింది. ఇంకా తెల్లబడితే ఇంకా మంచిదనుకుంది. నాలుగేళ్లకు ఒకరోజు తలపోటు, వాంతులతో, ఎర్రగా ఉబ్బిన కంటితో వచ్చింది. ముదిరిపోయిన కటకం లోపలే కారి, కంటి ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతింది. నేను టార్చిని పైనుంచి, కిందనుంచి, రెండు పక్కల నుంచి కొట్టి, "వెలుగు ఏ పక్క నించి వస్తాండాదమ్మా?" అని అడిగాను.

"టార్చి వెయ్యి పాపా, చెప్తా" అంది.

టార్చి వెలుగుతూనే ఉంది.

పెద్ద డాక్టరు కటకం తీసేసి నొప్పి తగ్గించాడు. చూపు రాలేదు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నువ్వు చెప్పినట్లే పండేదాకా ఆగితిని కదా పాపా. యాడ తప్పితిని?" అని మాత్రం అడిగింది. తను ఏం తప్పు చేసిందో తెలుసుకోవాలని అడిగింది.

పెద్ద డాక్టరు కేసుకాగితం మీద "రోగి ఆలస్యంగా వచ్చింది" అని రాశాడు. నేను పక్కనే ఉండి తలూపాను. మీరు నా మొదటి తప్పును క్షమించినా క్షమించవచ్చు, నేర్పిన మాటే చెప్పాను కాబట్టి. ఆ తలూపడాన్ని మాత్రం క్షమించకండి.

ఒకే ప్రశ్న ఉన్న నోటుబుక్కు

నా సర్వీసు చివరి రెండేళ్లలో కొత్త డాక్టరమ్మ వచ్చింది. చింతామణి ఊరి అమ్మాయి, నాకంటే పాతికేళ్లు చిన్న. మొదటి నెలలోనే పాత కాగితాలు ముందేసుకుని నన్ను పిలిచింది.

"అక్కా, ఈ షీట్లన్నింట్లో ఆలస్యం, ఆలస్యం, ఆలస్యం అని ఉండాది. ఎందుకు ఆలస్యమయ్యిందో ఒక్కదాంట్లో గూడా లేదే?"

"ఎందుకేముంది మేడం, భయం."

"మీరు అడిగినారా?"

అడగలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ వరండాలో కూర్చుని ఒక్కరినీ అడగలేదు. ఆమె నా చేతిలో కొత్త నోటుబుక్కు పెట్టింది. "మందుల మీద పరిశోధన పెద్ద పెద్ద సోట్ల సేస్తారు. ఈ ప్రశ్న మాత్రం మనం అడగకపోతే ఎవురూ అడగరు. వాళ్లు చెప్పింది చెప్పినట్లు రాయండి" అంది.

రాశాను. పంట టైమని కొందరు, తోడు ఎవరూ లేరని కొందరు, భయమని కొందరు. కానీ పేజీ తర్వాత పేజీలో ఒకే జవాబు మళ్లీ మళ్లీ వచ్చింది: "పండలేదని చెప్పిరి."

"ఎవురు చెప్పిరి?"

"మీ ఆస్పత్రోళ్లే."

హొసూరు నుంచి వచ్చిన ఒక తాత ఇంకా ముందుకు పోయాడు. "ముందు టార్చమ్మ అని ఒగామె ఉన్నింది. ఆయమ్మే చెప్పె. ఇప్పుడుండాదో లేదో పాపం" అన్నాడు. టార్చమ్మ అంటే నేనే. జనం పెట్టిన పేరు. ఉన్నానని ఆయనకు చెప్పే ధైర్యం ఆ రోజు రాలేదు.

నోటుబుక్కు చదివి డాక్టరమ్మ దాన్ని మళ్లీ నా వైపు జరిపింది. "చెప్పినోళ్లే వెనక్కి తీసుకోవాల కదక్కా" అంది. కోపంగా అనలేదు. నిజం అంతే అన్నట్టు అంది.

మరుసటి ఆదివారం జంగమకోటె బస్సెక్కాను.

గడప బయట

పురుగులు పండే రోజుల్లో పెంపకపు గదిలోకి బయటివాళ్లను రానివ్వరు. జబ్బు తగులుతుందని కొంత, దిష్టి అని కొంత. ఆ తర్వాత మునిలక్ష్మమ్మ ఇంటికి ఎన్నిసార్లు పోయినా నేను గడప బయటే నిలబడ్డాను. ఆ మొదటి రోజూ అంతే. లోపల ఆమె తట్ట ముందు కూర్చుని పండిన పురుగులు ఏరుతోంది. చేతులు చకచకా కదులుతున్నాయి. చూస్తే కళ్లలో ఏ లోపమూ లేదనిపిస్తుంది. నెల కిందట ఆ ఊళ్లో జరిగిన శిబిరంలో మా కొత్త పిల్లలు, "పని చేసుకోగలుగుతాండావా అవ్వా?" అని అడిగితే, "నాకేం, బాగా చేసుకుంటాండా" అందట. పేరు రాసుకోకుండా పంపించేశారు.

గడప దగ్గర నిలబడి చూస్తే నాకు ఇంకొకటి కనిపించింది. మునిలక్ష్మమ్మ ఏరుతున్నది కంటితో కాదు, వేలితో. పురుగు మెత్తదనాన్ని తడిమి వేస్తోంది. కొన్ని తప్పుతున్నాయి. వెనక కోడలు నాగరత్న కూర్చుని, చంద్రిక మీదికి వచ్చిన పండని పురుగులను అత్తకు వినబడకుండా తీసి మళ్లీ తట్టలో వేస్తోంది. నన్ను చూసి చెప్పొద్దన్నట్టు వేలు పెదాల మీద పెట్టుకుంది.

"గడప కాడ ఎవురే?" అంది మునిలక్ష్మమ్మ.

"నేనమ్మా. టార్చమ్మను."

"ఓహో. పండినాక రమ్మనే ఆయమ్మా?"

నాగరత్న చేతులు ఆగిపోయాయి. నేను దారంతా ఒక పోలిక అనుకుంటూ వచ్చాను. ఇదే సమయమని దాన్ని వదిలాను. "అమ్మా, పురుగు పండినాక నువ్వు ఒక్క పూటన్నా ఆగుతావా? కన్ను గూడా అంతే కదా."

ఆమె పకపకా నవ్వింది. "కన్నూ పురుగూ ఒగటేనా? పురుగు ఏటా పదిసార్లు వస్తాది. ఈ కన్ను పోతే ఇంగో కన్ను నువ్విస్తావా?"

నా పోలిక అంతటితో అయిపోయింది. ఇక మిగిలింది నిజమే. గడప బయట నిలబడి చెప్పాను. "అమ్మా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. అప్పటికే పండేదాకా ఆగే పని లేదు. నీ పేరు రాసుండాల్సింది. రాయలేదు. నువ్వు యాడా తప్పలేదు. తప్పు నాది."

తట్టలో ఆకు నములుతున్న పురుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ చప్పుడు సన్నని వాన పడుతున్నట్టుంటుంది.

"ఇన్నేండ్లకు తప్పని చెప్పేదానికి జంగమకోటె దాకా వస్తివా?" అంది చివరికి.

"వస్తిని."

"ఏమే నాగరత్నా, ఈయమ్మకు కాపీ పెట్టు. బస్సులో వచ్చిండాది."

కాఫీ వచ్చింది, గడప దగ్గరికే. తాగుతుండగా ఆమె బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది, ఎండకు వీపు పెట్టి. నేను టార్చి తీశాను. కుడి కంట్లో కటకం బాగా ముదిరింది. ముఖం ముందు చేయి ఊపితే ఊపానని తెలుస్తోంది, వేళ్లు ఎన్నో తెలియడం లేదు. తలుపు చాటున నీడలోకి తీసుకెళ్లి టార్చిని పైనుంచి కొట్టాను.

"పైన" అంది.

కింద నుంచి. "కింద." ముక్కు పక్క నుంచి. "ఈ పక్క." చెవి పక్క నుంచి. "ఆ పక్క. ఏమ్మా, ఆటలాడ్తాండావా?"

నరం బతికే ఉంది! ఆ క్షణంలో నేను ఎగిరి గంతేయకపోవడం నా వయసుకిచ్చిన గౌరవం.

"ఆపరేషన్ చేస్తే ఇది గూడా పోతాదా?" అని అడిగింది.

"పోయేదానికి కొంచెం అవకాశం ఉండాదమ్మా. లేదని చెప్పను. కానీ ఇట్లే వదిలేస్తే ఎడమదాని మాదిరే అయ్యే భయం ఎక్కువ."

"ఇన్నేండ్లలో నాతో ఎవురూ పోతాదేమో అని చెప్పలేదు. అంతా బాగైతాది బాగైతాది అనేటోళ్లే" అంది. "నువ్వు లోపలికి వస్తావా, కోసే కాడికి?"

"వస్తా. చెయ్యి పట్టుకునే ఉంటా."

"అట్లయితే పురుగులు గూళ్లు కట్టనీ. వారమాగి వస్తా."

వారమన్నది వారానికే వచ్చింది. కన్ను ఎర్రబడితే వెంటనే ఫోన్ చేయమని నాగరత్నకు చెప్పి వచ్చాను. ఆ ఏడు రోజులూ ఫోన్ మోగినప్పుడల్లా నాగరత్నేనేమో అని పరుగెత్తాను.

ఉన్న ఒక్కటి

ఒకే కన్ను ఉన్న మనిషికి ఆపరేషన్ చేయడమంటే ఎంత చేయి తిరిగిన డాక్టరుకైనా భయమే. తప్పితే రెండో కన్ను లేదు. అలాంటి కేసును ఇంకో ఆస్పత్రికి రాసి పంపేసే డాక్టర్లను నేను చూశాను. వాళ్లను తప్పుపట్టను. కానీ మా డాక్టరమ్మ అలా చేయలేదు. "ఈమె ఇంగో బస్సు ఎక్కదక్కా. ఇక్కడే చేద్దాం" అంది. మూడుసార్లు కొలతలు తీయించింది. నేను తీసినదాన్ని తనే మళ్లీ సరిచూసింది. నాకు కోపం రాలేదు. మీకూ రాకూడదు.

కటకం వక్క మాదిరి గట్టిపడి ఉంది. మామూలుగా కొద్ది నిమిషాల్లో అయ్యేది, ఆ రోజు అవుతూనే ఉంది. నేను మునిలక్ష్మమ్మ చేయి పట్టుకుని ఉన్నాను. పట్టుదారాలు తీసి తీసి గరుకెక్కిన వేళ్లు. డాక్టరమ్మ భుజాలు బిగించి పని చేస్తోంది. గుడ్డ కింద నుంచి మునిలక్ష్మమ్మే నెమ్మదిగా, "టార్చమ్మా, నీ చెయ్యి వణుకుతాండాది. భయపడొద్దు" అంది.

డాక్టరమ్మ మాస్కు వెనక నవ్వింది. ఆ నవ్వుతో ఆమె భుజాలు కిందికి దిగాయి. కొత్త కటకం చోటులో కూర్చుంది.

మర్నాడు పొద్దున కట్టు విప్పాము. కిటికీ తలుపు సగం మూసే ఉంచాను. ఆమె కన్ను తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. నా వైపు చూడలేదు, డాక్టరమ్మ వైపు చూడలేదు. తన రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇంత ముసలివైనాయా!" అంది.

అక్షరాల పట్టీకి బదులు నేను వేళ్లు చూపించాను. గదికి ఆ చివర నిలబడి మూడు. ఆమె, "మూడు. గోళ్లు కత్తిరించుకో" అంది. నేను ఆ ఆస్పత్రిలో అంత గట్టిగా ఎప్పుడూ నవ్వలేదు, అంత గట్టిగా ఎప్పుడూ ఏడవలేదు. డాక్టరమ్మ బయటికిపోయి కళ్లు తుడుచుకుని, ఏమీ జరగనట్టు తర్వాతి రోగిని పిలిచింది.

తర్వాతి పంటలో అసలు సంగతి బయటపడింది. అత్త ఏరుతూ ఏరుతూ వెనక్కి తిరిగింది. నాగరత్న చేయి అలవాటుగా చంద్రిక దగ్గరే ఉంది.

"ఏం చేస్తాండావే?"

"ఏం లేదత్తా."

"ఎన్నేండ్ల నించి?"

మునిలక్ష్మమ్మ కోడలి పక్కకు జరిగి, తను తినబోయే వక్కాకులో సగం తుంచి ఆమె నోట్లో పెట్టిందట. ఇది నాకు నాగరత్న చెప్పింది. అత్త ఇప్పటికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె మా నోటుబుక్కు కంటే ఎక్కువ పని చేసింది. పెళ్లికి పోయినా, గూళ్ల మార్కెట్టుకు పోయినా, ఎవరైనా "ఇంగా పండలేదంట" అంటే చాలు, పట్టుకునేది. "పండేదాకా ఆగి నేనొగ కన్ను పోగొట్టుకుంటిని. ఆ మాట చెప్పినామే వచ్చి తప్పు అని చెప్పె. ఇంగ నీకేం రోగం?" జంగమకోటె నుంచి వచ్చేవాళ్లు వరండాలో నన్ను చూసి, "తప్పు చెప్పిన ఆయమ్మ మీరేనా?" అని అడిగేవాళ్లు. "నేనే, రండి" అనేదాన్ని. రిటైరైన రోజు నాకు శాలువా కప్పారు. ఆ పేరు శాలువా కంటే వెచ్చగా ఉంది.

వెలుగుకు వీపు

రెండు నెలల కిందట ఊరకే చూసి పోదామని జంగమకోటె వెళ్లాను. అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. మునిలక్ష్మమ్మ నన్ను కాసేపు చూసి, "ఎండకు వీపు పెట్టి కూర్చుంటివేమ్మా?" అంది.

"కండ్లకు కొడ్తాండాది."

"నేనూ అట్లే కూర్చుంటిని, నువ్వు టార్చి తెచ్చిన పొద్దు."

నేను మాట మార్చబోయాను. నిజం చెప్పాలంటే ఏడాదిగా నాకు తెలుసు. ఎదురొచ్చే బండి లైటు చుట్టూ వెలుగు చెదరడం, సూదిలో దారం ఎక్కకపోవడం. నా కళ్లు నేనే పరీక్ష చేసుకుని, నాకు నేనే ఒక మాట చెప్పుకున్నాను. ఆ మాటే పైకి వచ్చేసింది.

"ఇంగా కొంచెం టైముండాది లేమ్మా. సూద్దాం."

ఆమె నా వైపు తిరిగి, ఉన్న ఒక్క కన్నూ చిట్లించి, "పండినాక పోతావా?" అంది.

నాగరత్న నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది. నేను ఆ అరుగు మీదే డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

ఆపరేషన్ అయి కంట్లో చుక్కలు తగ్గించాక, నిన్న మళ్లీ వెళ్లాను. పురుగులు పండుతున్న వారం. అలవాటుగా గడప బయటే నిలబడ్డాను. లోపల మునిలక్ష్మమ్మ తట్ట ముందు ఉంది. నన్ను చూసి ఒక పురుగును వేళ్ల మధ్య పట్టుకుని కిటికీ వెలుగుకు ఎత్తింది. గది ఆ చివర నుంచి అడిగింది.

"టార్చమ్మా, ఇది పండిందా లేదా? చెప్పు సూద్దాం."

ఇన్నేళ్లలో ఆ గడప దగ్గర నుంచి నాకు పురుగులన్నీ ఒకే రంగులో కనిపించేవి. కుడి కన్నుతో చూశాను. ఆ చిన్న ఒంటి లోపల, తేనె రంగులో, పలచగా, వెలుగు నిలిచి ఉంది.

"పండింది" అన్నాను.

"ఇది?"

"పండలేదు. తల కాడ ఇంగా పచ్చగా ఉండాది."

ఆమె రెండో పురుగును తట్టలోకి వదిలింది. మొదటిదాన్ని చంద్రిక మీద వేసింది. చేతులు దులుపుకుంటూ గడప పక్కనున్న నీళ్ల తొట్టి చూపించింది.

"కాళ్లు కడుక్కోని లోపలికి రా. ఏరే పని చానా ఉండాది."